ఆ కరపత్రంలో 'నేను' ఎవరు?

(ఎన్నికలు - స్త్రీలు అనే అంశంపై జరిగిన సదస్సులో చేసిన ప్రసంగ పాఠం)



ఎన్నికల రోజుల్లో రచయిత్రి జీవితం ఎలా ఉంటుందో మాట్లాడమని నన్ను పిలిచారు. పార్టీల గురించీ, గెలుపోటముల గురించీ విశ్లేషించే వాళ్లు చాలామంది ఉన్నారు. నాకు అంత శక్తి లేదు. మా ఇంటి గుమ్మం దగ్గర, నేను రాసుకునే బల్ల దగ్గర, మా ఊళ్లో నేను చూసింది చెబుతాను. అందులో నేను చేసిన ఒక తప్పు కూడా ఉంది. దాన్ని చెప్పుకోవడానికే ఇక్కడికి వచ్చాననుకోండి.

నేను హైదరాబాదు శివారులో ఒక కాలనీలో ఉంటాను. పొద్దున ఐదింటి నుంచి ఏడింటి దాకా రాసుకుంటాను. ఆ తర్వాత వంట, క్యారేజీలు, అత్తమ్మ మందులు. మళ్లీ ఇల్లు సద్దుమణిగాక పదకొండింటికి ఓ గంట కూర్చుంటాను. ఎన్నికలు వచ్చాయంటే ఆ గంట నాది కాకుండా పోతుంది. 2023 నవంబరులో శాసనసభ ఎన్నికలప్పుడు మా వీధిలో ప్రచార ఆటోలు ఒకదాని వెనక ఒకటి తిరిగాయి. ఒక ఆటోలో పాట అయిపోకముందే ఇంకో ఆటోలో పాట. అన్ని పాటల్లోనూ 'అక్కా', 'చెల్లె', 'అమ్మా' అన్న పిలుపులే. ఏడాది పొడుగునా ఎవరికీ కనబడని మేము ఆ ఇరవై రోజులూ అందరికీ అక్కలమూ చెల్లెళ్లమూ అయిపోతాం.

పాటలు సరే. తలుపు తట్టిన వాళ్లు ఏం అడిగారో చెబుతాను. ఆ నెలలో మా ఇంటికి ఆరు బృందాలు వచ్చాయి. ఆరూ అడిగిన మొదటి ప్రశ్న "సార్ ఉన్నారా మేడమ్?" అని. లేరంటే రెండో ప్రశ్న "ఇంట్లో ఎన్ని ఓట్లు?" అని. ఎంతమంది మనుషులున్నారని కాదు, ఎన్ని ఓట్లని. నేను నాలుగని చెప్పాను. ఒకతను కాగితం మీద నాలుగు అని రాసుకుని, పక్కన మా ఆయన పేరు రాసుకున్నాడు. "ఆయన పేరెందుకు, నా ఓటు నాది కదా" అన్నాను. అతను నవ్వి, "సార్‌తో ఆల్రెడీ మాట్లాడినం మేడమ్" అన్నాడు. మొరటుగా ఏమీ అనలేదు, చాలా మర్యాదగానే అన్నాడు. అందుకే అది నాకు ఇంకా గుర్తుంది.

మా ఇంటి కింది వాటాలో ఒకామె అద్దెకుంటుంది. భర్త దగ్గర దెబ్బలు తిని, ఇద్దరు పిల్లలతో బయటికొచ్చి టైలరింగు చేసుకుంటోంది. ఓటు మాత్రం అత్తగారి ఊళ్లోనే ఉంది. ఓటు ఇక్కడికి మార్చుకోమని నేను చెబితే ఆమె భయపడింది. "జాబితాల నా పేరు పక్కన ఆయన పేరుంటది గదా అక్కా, అడ్రసు గూడ ఉంటది. ఎవరన్న చూసి చెప్తే?" అంది. అంతవరకూ నాకు ఆ ఆలోచనే రాలేదు. మనం ఓటర్ల జాబితాను హక్కుల పత్రం అనుకుంటాం. పారిపోయి వచ్చిన స్త్రీకి అది తన ఆచూకీ చెప్పే కాగితం.

తర్వాత మేమిద్దరం కూర్చుని ఫారం చదివాం. కొత్తగా పేరు చేర్చడానికి ఫారం 6. ఇల్లు మారినా, వివరాలు సరిచేయాలన్నా ఫారం 8. బంధువు పేరు రాసే చోట భర్త పేరే ఉండాలని లేదు. తండ్రి పేరు ఇవ్వవచ్చు, తల్లి పేరూ ఇవ్వవచ్చు. ఆమె వాళ్లమ్మ పేరు రాయించింది. "మా అమ్మ పేరు ఇన్నేండ్లల్ల ఏ కాగితంల రాలే అక్కా" అంది. చిరునామా భయం దాంతో పూర్తిగా పోలేదు. అయినా ఆలోచించుకుని తనే సంతకం పెట్టింది. ఇలాంటి స్త్రీలతో పనిచేసే వాళ్లు మీలో చాలామంది ఉన్నారు. ఈ చిన్న సంగతి వాళ్లకు చెప్పండి. మరో సంగతి కూడా ఉంది. ఈ ఇంట్లో ఉండటం లేదని ఎవరైనా ఫిర్యాదు చేసినంత మాత్రాన పేరు తీసేయకూడదు. తీసేసే ముందు ఆ మనిషికి తన మాట చెప్పుకునే అవకాశం ఇవ్వాలని చట్టం చెబుతోంది. విడిపోయిన భార్యల పేర్లు, మొగుడు చచ్చిపోయాక పుట్టింటికి వెళ్లిన వాళ్ల పేర్లు మాయం కావడం మనం చూస్తూనే ఉన్నాం. అందుకే నామినేషన్ల దాకా ఆగకుండా ముసాయిదా జాబితా వచ్చినప్పుడే చూసుకోవాలి.

ఈ పేర్ల కథ మొదటి ఎన్నికల నాటిది. 1951-52లో స్వతంత్ర భారతదేశంలో మొదటి సాధారణ ఎన్నికలు జరిగినప్పుడు సుకుమార్ సేన్ ప్రధాన ఎన్నికల కమిషనరు. జాబితాలు రాయడానికి ఇళ్లకు వెళ్లిన వాళ్లకు చాలామంది స్త్రీలు పేర్లు చెప్పలేదు. ఫలానా వారి భార్య, ఫలానా వారి కూతురు అని చెప్పారు. సొంత పేరు లేనిదే నమోదు చేయబోమని కమిషన్ గట్టిగా నిలబడింది. దాదాపు 28 లక్షల మంది స్త్రీలు జాబితాలో లేకుండా పోయారు. అది అన్యాయం కదా అని ఒకప్పుడు అనుకునేదాన్ని. ఇప్పుడు రెండు రకాలుగానూ అనిపిస్తుంది. ఆ 28 లక్షల మందికి ఆ ఎన్నికలో ఓటు పోయింది. కాని స్త్రీకి సొంత పేరుండాలని ఈ దేశంలో ఒక ప్రభుత్వ కార్యాలయం పట్టుబట్టింది కూడా అప్పుడే. డెబ్భై ఏళ్ల తర్వాత ఇప్పుడు జాబితాలో మా పేర్లున్నాయి. మా గుమ్మం ముందు కాగితం మీద మాత్రం ఇంకా మా ఆయన పేరే రాసుకుపోతున్నారు.

డబ్బు సంగతి కూడా చెప్పాలి. మా ఇంట్లో పని చేసే ఆమెది పాలమూరు జిల్లా. ఇక్కడే గుడిసె వేసుకుని ఉంటున్నా ఓటు ఊళ్లోనే. పోలింగుకు రెండు రోజుల ముందు ఊరికి బయలుదేరుతూ, "అక్కా, పైసలిచ్చిన్రు" అంది. ఓటు అమ్ముకుంటావా అని ఉపన్యాసం ఇద్దామని నోరు తెరిచాను. ఆమె మాట ఇంకా అయిపోలేదు. "మూడు ఓట్ల పైసలు ఒక్క కవర్ల పెట్టి మా ఆయన చేతికిచ్చిన్రు. నావీ, మా అత్తవీ గూడ. పొద్దుమూకేసరికి సగం తాగిండు" అంది.

నా ఉపన్యాసం గొంతులోనే ఆగిపోయింది. ఓటుకు డబ్బిచ్చినా తీసుకున్నా నేరమే, అందులో అనుమానం లేదు. కాని ఆ నేరంలో కూడా ఆమె వాటా ఆమె చేతికి రాలేదు. అమ్మిందీ ఆమె కాదు, కొన్నదీ ఆమె కాదు. దేవుడి పటం మీద ప్రమాణం మాత్రం ఆమె చేతే చేయించారు. ఆమె నన్ను అడిగిన ప్రశ్న ఒక్కటే: "మిషన్ల ఎవరికేసింది వాళ్లకు ఎర్కైతదా అక్కా?"

తెలియదని చెప్పాను. మీట నొక్కాక పక్కనున్న పెట్టె అద్దంలో చీటీ ఏడు సెకన్లు కనబడి లోపల పడిపోతుందనీ, దాని మీద ఓటు వేసిన మనిషి పేరుండదనీ చెప్పాను. ఎవరికి వేశావో చెప్పి తీరాలని నిన్ను ఎవరూ నిలదీయకూడదనీ, 1951 ప్రజాప్రాతినిధ్య చట్టం 94వ సెక్షన్‌లో అది రాసి ఉందనీ చెప్పాను. ఆమె కాసేపు ఆలోచించి, "మరి ప్రమాణమో?" అంది. దానికి నా దగ్గర సెక్షన్ లేదు. బలవంతంగా చేయించిన ప్రమాణం దేవుడు లెక్కలోకి తీసుకోడని అన్నాను. పోలింగయ్యాక తిరిగొచ్చి, ఎడమచేతి చూపుడు వేలు చూపించి నవ్వింది. ఎవరికేశావని నేను అడగలేదు, ఆమె చెప్పలేదు. మా ఇద్దరి మధ్య అంత గౌరవంగా గడిచిన క్షణం అంతకుముందు లేదేమో.

ఇప్పుడు నా తప్పు దగ్గరికి వస్తాను.

మాది నల్గొండ జిల్లాలో ఒక ఊరు. 2019 జనవరిలో తెలంగాణలో పంచాయతీ ఎన్నికలు జరిగాయి. మా ఊరి సర్పంచి పదవి ఆ సారి మహిళకు రిజర్వయింది. మా చిన్నమ్మ కూతురు, అంటే నాకు వరసకు చెల్లెలు, ఆమె నిలబడింది. నిలబడిందని అంటున్నాను గాని, నిలబెట్టారు. అంతకుముందు ఐదేళ్లుగా వాళ్లాయన ఆ పదవి మీద ఆశ పెట్టుకుని తిరుగుతున్నాడు. రిజర్వేషను రాగానే ఆమె పేరు ముందుకొచ్చింది. ఇద్దరు పిల్లలకు మించితే పోటీకి పనికిరారన్న నిబంధన అప్పుడుండేది. వాళ్లకు ఇద్దరే కాబట్టి ఆ అడ్డు కూడా లేకపోయింది.

ఒక రాత్రి అతను నాకు ఫోన్ చేశాడు. "వదినా, నువ్వు రాసేదానివి గదా. ఆడోళ్ల మనసుకు తాకేటట్టు ఒక పేజీ రాసియ్యి. పొద్దున ప్రెస్సుకు పోవాలె" అన్నాడు. మా ఇంటి ఆడపిల్ల పోటీ చేస్తోందన్న సంబరంలో నేను ఆ రాత్రే కూర్చుని రాశాను. 'నేను మీ ఇంటి ఆడబిడ్డను' అని మొదలుపెట్టాను. 'బిందె ఎత్తుకుని నీళ్ల కోసం నడిచినదాన్ని, మీ కష్టం నాకు తెలుసు' అని రాశాను. పేజీ నిండా 'నేను', 'నాకు', 'నా ఊరు'. చదువుకుంటే నాకే కళ్లు చెమర్చాయి. ఆ పేజీ రాసేముందుగాని, రాసిన తర్వాతగాని నేను మా చెల్లెలికి ఫోన్ చేయలేదు. ఆ మాట నాకు తట్టనే లేదు. ముప్పై ఏళ్లుగా స్త్రీల గొంతు గురించి కథలు రాస్తున్నదాన్ని.

కరపత్రం అచ్చయింది. పైన చేతులు జోడించిన అతని ఫోటో పెద్దది. పక్కన ఆమె ఫోటో చిన్నది, పెళ్లి ఆల్బంలోంచి కత్తిరించింది. కింద ఆమె పేరు, దాని ముందు 'ఫలానా గారి సతీమణి' అని. ఇంటింటికీ తిరిగి ఆ 'నేను'ను గట్టిగా చదివి వినిపించింది అతనే. పోలింగు రోజు మధ్యాహ్నం ఒంటిగంటకు ఓటింగు ముగిసింది, రెండింటి నుంచి లెక్కింపు. కొద్ది ఓట్ల తేడాతో ఆమె గెలిచింది. గులాలు చల్లుకుని ఊరేగింది మాత్రం అతను. ఆమె ఇంట్లో వచ్చినవాళ్లందరికీ చాయ్ పెట్టింది.

2021 బతుకమ్మ పండుగకు నేను ఊరికి వెళ్లాను. వాకిట్లోకి వచ్చిన వాళ్లంతా అతన్నే 'సర్పంచ్ సాబ్' అంటున్నారు. ఆమె రిజిస్టరులో సంతకం పెట్టి మళ్లీ పొయ్యి దగ్గరికి పోతోంది. ఊరి పనుల కోసం ముందుగా చేతి డబ్బు పెట్టారు, బిల్లులు రాలేదు, అప్పులు మిగిలాయి. చెక్కు మీద, తీర్మానం మీద, ఆఖరికి అప్పు కాగితం మీద కూడా సంతకం ఆమెదే. రాత్రి బతుకమ్మను నీళ్లలో వదిలి వస్తుంటే ఆమె నా పక్కకు వచ్చి నడిచింది. ఏదో ఇంటి విషయం చెబుతుందనుకున్నాను.

"అక్కా, నువ్వు రాసిన కాగితం నేను గెలిచినంక చదివిన" అంది. "మంచిగ రాసినవ్. కాని అది నేను గాదు. బిందె ఎత్తుకపోయింది మా అమ్మ. నా ఇంటికి నల్ల నీళ్లొస్తున్నయ్. నన్నడుగుంటే నేను సాయంత్రం బస్సు గురించి చెప్తుంటి. బస్సు బంద్ వెట్టినంక ముగ్గురు ఆడపిల్లలు ఇంటర్ బంద్ జేసిన్రు. బస్టాండ్ కాడ బెల్టుషాపు ఉన్నది, పొద్దుగూకినంక ఆడికెళ్లి నడిచి రావాలంటే భయం. అది తీసేయిస్త అని చెప్తుంటి."

నాకు నోటమాట రాలేదు. కాసేపటికి, మరి అప్పుడే ఎందుకు చెప్పలేదని అడిగాను. "ఎవరికి చెప్పాలె? నువ్వు గూడ అడగకపోతివి" అంది. ఆ బెల్టుషాపు నడిపేది వాళ్లాయన అనుచరుడేనని ఆ తర్వాత తెలిసింది. అంటే ఆమెనే అడిగి రాసి ఉంటే ఆ కరపత్రం అచ్చయ్యేదే కాదు. నేను అడగకుండా రాయడం వల్లనే అది అందరికీ నచ్చింది.

మిత్రులారా, నాకు ఆ రాత్రి దూబగుంట గుర్తొచ్చింది. 1992లో నెల్లూరు జిల్లాలో అక్షరాలు నేర్చుకుంటున్న స్త్రీలు సారా దుకాణాలను మూయించారు. వాళ్ల చేతికి వచ్చిన చదువు పుస్తకంలో వాళ్ల బతుకే పాఠంగా ఉంది. దూబగుంట రోశమ్మ పేరు రాష్ట్రమంతా తెలిసింది. 1993 అక్టోబరు 1న సారా నిషేధం వచ్చింది. 1994 డిసెంబరు ఎన్నికల్లో సంపూర్ణ మద్యనిషేధం పెద్ద వాగ్దానమయింది, 1995 జనవరిలో అమలయింది, 1997లో ఎత్తేశారు. స్త్రీలు తమంతట తాము అన్న మాట ఎన్నికల వాగ్దానంగా మారి, మళ్లీ వాళ్లను అడగకుండానే పోయింది. మా ఊరి బస్టాండు దగ్గరి బెల్టుషాపు ఆ పోయిన మాటలో ఒక ముక్క. ఎక్కడో పుస్తకంలో చదివిన చరిత్ర మా చెల్లెలి నోట ప్రస్తుత కాలంలో విన్నాను. అయినా నేను ఆమె చేత బిందె మోయించాను, ఎందుకంటే పల్లెటూరి స్త్రీ అంటే నా కలానికి అలవాటైన బొమ్మ అదే.

2022లో మార్చి 8 దగ్గర పడినప్పుడు జరిగిన గ్రామసభలో ఆమె మొదటిసారి లేచి మాట్లాడింది. బెల్టుషాపు తీసేయాలని తీర్మానం రాయమంది. స్వయంసహాయక సంఘాల ఆడవాళ్లు చేతులెత్తారు. ఇంట్లో పెద్ద గొడవయింది, నెల రోజులు మాటల్లేవు. దుకాణం మూతపడింది. నాలుగు నెలల తర్వాత ఊరి వెనక మళ్లీ తెరుచుకుంది. బస్సు ఇప్పటికీ రాలేదు. గెలిచామని చెప్పడానికి నా దగ్గర ఏమీ లేదు. కాని ఆ తీర్మానం పుస్తకంలో ఉంది. ఆ పేజీలో సంతకమూ ఆమెదే, మాటా ఆమెదే.

రిజర్వేషన్లు వృథా అని నేను అంటున్నానని దయచేసి అనుకోకండి. 'భర్తలే ఏలుతున్నారు, ఇంకెందుకు' అనే వాళ్ల మాట నాకు గిట్టదు. 73వ రాజ్యాంగ సవరణ 1993లో అమల్లోకి వచ్చి మూడో వంతు స్థానాలు ఇవ్వకపోతే, తర్వాత మన దగ్గర అది సగం కాకపోతే, ఆమె సంతకానికి విలువే ఉండేది కాదు. సంతకం ముందు వచ్చింది, మాట మూడేళ్ల తర్వాత వచ్చింది. కుర్చీ లేకపోతే ఆ మాట కూడా వచ్చేది కాదు. చట్టసభల్లో రిజర్వేషను బిల్లు మొదట 1996లో పార్లమెంటుకు వచ్చింది. 2010లో రాజ్యసభ దాటి ఆగిపోయింది. 2023 సెప్టెంబరులో చట్టమయింది, అదీ జనగణన, నియోజకవర్గాల పునర్విభజన జరిగాకే అమలవుతుందన్న షరతుతో. 2024లో ఎన్నికైన లోక్‌సభలో 543 మందిలో స్త్రీలు 74 మంది. 2023లో ఎన్నికైన తెలంగాణ శాసనసభలో 119 మందిలో 10 మంది. ఈ లెక్క మారడానికి పోరాడాల్సిందే. దాంతోపాటు ఆ కుర్చీల్లో కూర్చునే స్త్రీల ఉపన్యాసాలు ఎవరు రాస్తున్నారు, ఎవర్ని అడిగి రాస్తున్నారు అని కూడా మనం చూసుకోవాలి. రాసేవాళ్లలో నాలాంటి వాళ్లం ఉన్నాం. మీ సంస్థల్లో నివేదికలు రాసేవాళ్లూ ఉన్నారు. 'గ్రామీణ మహిళలు ఇలా కోరుతున్నారు' అని మనం రాసే ప్రతి వాక్యానికీ ఈ ప్రశ్న వర్తిస్తుంది.

2025 డిసెంబరులో మళ్లీ పంచాయతీ ఎన్నికలు వచ్చాయి. మా చెల్లెలు నిలబడలేదు. మా వాడకట్టులో ఉండే ఒక అమ్మాయి వార్డు సభ్యురాలిగా నిలబడింది. సాయంత్రం బస్సు ఆగిపోయి ఇంటర్ మానేసిన ముగ్గురిలో ఆమె ఒకతె. ఇద్దరూ కలిసి నాకు ఫోన్ చేశారు. మా చెల్లెలు ఆ పిల్లతో, "ముందు నువ్వు చెప్పు, అక్క రాస్తది" అనడం నాకు వినబడింది. ఆ పిల్ల చెప్పింది, నేను రాశాను. ఎక్కడైనా నేను మాట మార్చబోతే "అట్ల కాదు పెద్దమ్మా" అని ఆపింది. ఆరు వాక్యాలు వచ్చాయి. వాటిలో కవిత్వం లేదు. బస్సు వేళ ఉంది, వీధిదీపం లేని కరెంటు స్తంభం ఎవరి ఇంటి ముందుందో ఉంది. ఫోటో ఆమెది ఒక్కటే.

ఆ పిల్ల ఓడిపోయింది. ఓట్ల లెక్కింపు అయిన రాత్రి ఫోన్ చేసి, "నా కాగితం అందరూ దాచుకున్నరు పెద్దమ్మా, మళ్లీసారి నిలబడుత" అంది. అంతలో ఏడ్చింది కూడా.

వచ్చే ఎన్నికలకు ముందు మనం చేయదగ్గ పనులు కొన్ని మీ ముందు పెట్టి ముగిస్తాను. ముసాయిదా జాబితా వచ్చినప్పుడు ఒంటరి స్త్రీల పేర్లు, వలస వెళ్లిన స్త్రీల పేర్లు ఒక్కొక్కటీ చూద్దాం. పోలింగు రోజు కూలి కోయకుండా సెలవివ్వాలని చట్టంలో ఉన్న సంగతి దుకాణాల్లో పనిచేసే వాళ్లందరికీ చెబుదాం. తన పేరు మీద ఎవరో ముందే ఓటు వేసేశారని తెలిస్తే ఏడ్చుకుంటూ తిరిగి రాకుండా, టెండరు ఓటు కావాలని ప్రిసైడింగ్ ఆఫీసరును అడగమందాం. ఓటు రహస్యమేనని ధైర్యం చెబుదాం. పోటీ చేసే స్త్రీకి మనం ఏదైనా రాసిపెట్టాల్సి వస్తే, ముందు ఆమె ఎదురుగా కూర్చుందాం. ఆమె భర్త ఫోన్ చేస్తే, 'ఒకసారి ఆమెకు ఇవ్వండి' అందాం.

2019లో ఆ ఒక్క మాట అనడానికి నాకు అర నిమిషం కూడా పట్టేది కాదు.